వాణిజ్య తేనెటీగల పెంపకం, పంటల పరాగ సంపర్కం: అమెరికా సంయుక్త రాష్ట్రాలు

నిర్వచనం, పరిధి

తేనెటీగల కుటుంబాలను పెద్ద సంఖ్యలో పెంచి, వాటి తేనెను, మైనాన్ని అమ్మడం ద్వారా గాని, పూత కాలంలో వాటిని తోటల యజమానులకు అద్దెకివ్వడం ద్వారా గాని జీవనోపాధి పొందే వృత్తిని వాణిజ్య తేనెటీగల పెంపకం అంటారు. ఇలా అద్దెకిచ్చే పనిని పరాగ సంపర్క సేవ అని వ్యవహరిస్తారు. ఒక రాణి ఈగ, వేల సంఖ్యలో కూలి ఈగలు, కాలాన్ని బట్టి కొన్ని వందల పోతుటీగలు కలిసి ఒక కుటుంబం అవుతుంది. సాధారణంగా ఒక పెట్టెలో ఒకే కుటుంబం ఉంటుంది కనుక ఈ వృత్తిలో లెక్కలన్నీ పెట్టెల్లోనే సాగుతాయి. అమెరికాలో కొన్ని గణాంకాలు 300 పెట్టెలు దాటినవారిని, మరికొన్ని 500 దాటినవారిని వాణిజ్య పెంపకందారులుగా పరిగణిస్తాయి. దేశంలో ఉన్న సుమారు 27 లక్షల కుటుంబాల్లో అత్యధిక భాగం ఇలాంటి కొద్దిమంది చేతిలోనే ఉంది.

ఈ వృత్తి చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు, దాని ప్రధాన సరుకు మారిపోవడం. పందొమ్మిదో శతాబ్దిలో తేనె కోసమే ఈగలను పెంచారు. ఇరవై ఒకటో శతాబ్దికి వచ్చేసరికి, కాలిఫోర్నియా బాదం తోటల్లో మూడు నాలుగు వారాల పాటు ఈగలు ఉండటమే వాణిజ్య పెంపకందారుని ఏడాది ఆదాయానికి ఆధారమైంది. ఆ మార్పు ఎలా వచ్చిందో, దానివల్ల ఈ వృత్తికి కలిగిన బలమేమిటో, బలహీనత ఏమిటో తెలుసుకుంటే తప్ప నేటి తేనెటీగల పరిశ్రమ అర్థం కాదు.

పరాగ సంపర్కం: వృక్షశాస్త్ర నేపథ్యం

పువ్వులోని కేసరాల నుంచి పుప్పొడి కీలాగ్రానికి చేరడాన్ని పరాగ సంపర్కం అంటారు. ఆ తరువాతే అండాశయంలో ఫలదీకరణం జరిగి కాయ, గింజ ఏర్పడతాయి. వరి, గోధుమ, మొక్కజొన్న వంటి ప్రధాన ధాన్యాలకు గాలి లేదా స్వపరాగ సంపర్కం చాలు. కీటకాల అవసరం లేదు. పండ్లు, కాయగూరలు, నూనెగింజలు, పశుగ్రాసపు విత్తనాల విషయం వేరు. 2007లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల రకాల్లో సుమారు మూడు వంతులు ఎంతో కొంత మేర జంతువుల ద్వారా జరిగే పరాగ సంపర్కం వల్ల లాభపడతాయి; అయితే ఆ పంటల నుంచి వచ్చే దిగుబడి మొత్తం ఉత్పత్తి పరిమాణంలో 35 శాతం మాత్రమే. తేనెటీగలు లేకపోతే మానవాళి పస్తులుంటుందన్న ప్రచారానికి శాస్త్రీయ ఆధారం లేదు. పళ్లెంలోని వైవిధ్యం, పోషకాలు తగ్గుతాయన్నది మాత్రం నిజం.

పండ్ల చెట్లలో చాలా రకాలకు స్వయం అననుకూలత ఉంటుంది. అంటే ఒక చెట్టు పుప్పొడి అదే రకానికి చెందిన మరో చెట్టు పువ్వును ఫలవంతం చేయలేదు. ఈ సంగతిని తోటల పెంపకంలో రుజువు చేసినవారిలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త మెర్టన్ వెయిట్ ముఖ్యుడు. 1890ల్లో ఆయన పియర్ తోటలపై చేసిన ప్రయోగాలు, ఒకే రకం నాటిన తోటలు విరగబూసినా ఎందుకు కాయడం లేదో తేల్చాయి. రెండు రకాలను కలిపి నాటడం, పూత వేళ తేనెటీగలను తెచ్చి పెట్టడం ఒక సాగు పద్ధతిగా మారడానికి ఆ ప్రయోగాలే పునాది వేశాయి.

చరిత్ర

పెట్టె రూపుదిద్దుకోవడం

ఐరోపా తేనెటీగ, అనగా ఏపిస్ మెల్లిఫెరా, ఉత్తర అమెరికాకు స్థానికమైనది కాదు. 1622లో వలసవాదుల ఓడల్లో వర్జీనియాకు చేరింది. ఆ తరువాత రెండు వందల ఏళ్లకు పైగా దాన్ని దొప్పల్లో, గడ్డి బుట్టల్లో పెంచారు. తేనె తీయాలంటే పట్టును కోయాలి, తరచు కుటుంబాన్నే చంపాలి. ఈ స్థితిని మార్చినవాడు ఫిలడెల్ఫియాలో ఉన్న మతబోధకుడు లోరెంజో లాంగ్‌స్ట్రాత్. దాదాపు 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే ఈగలు దాన్ని మైనంతోనూ పూడ్చవు, జిగురుతోనూ అతికించవు, నడిచే దారిగానే ఉంచుకుంటాయి. ఆ కొలతను పెట్టె గోడకూ చట్రానికీ మధ్య, చట్రానికీ చట్రానికీ మధ్య పాటించి ఆయన 1852లో పేటెంటు పొందిన పెట్టెలో ఏ చట్రాన్నైనా ఈగలకు హాని లేకుండా పైకి లాగి చూసి మళ్లీ దించవచ్చు. నేటి వాణిజ్య పెంపకమంతా ఈ చిన్న ఖాళీ మీదనే నిలబడి ఉంది.

మిగతా పరికరాలు త్వరలోనే వచ్చి చేరాయి. 1857లో జర్మనీకి చెందిన యోహానెస్ మేరింగ్, షడ్భుజి అచ్చు వేసిన మైనపు రేకును తయారు చేశాడు. 1865లో ఫ్రాంజ్ హ్రుష్కా, చట్రాలను గిర్రున తిప్పి పట్టు చెడకుండా తేనెను వేరు చేసే యంత్రాన్ని ప్రదర్శించాడు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన మోజెస్ క్విన్‌బీ తిత్తి అమర్చిన పొగ డబ్బాను వాడుకలోకి తెచ్చాడు. తేనెను పెద్ద ఎత్తున మార్కెట్టుకు పంపిన తొలి అమెరికన్లలో ఆయన ఒకడు. 1889లో గిల్బర్ట్ డూలిటిల్ ప్రచురించిన పద్ధతితో, ఈగల పిల్ల పురుగులను మైనపు గిన్నెల్లోకి మార్చి రాణి ఈగలను వందల సంఖ్యలో తయారు చేయడం వీలయింది. ఒహాయో రాష్ట్రంలోని మెడైనా పట్టణంలో అమోస్ రూట్ ఈ పరికరాలను కర్మాగారంలో తయారు చేసి దేశమంతటా అమ్మాడు. 1873లో ఆయన స్థాపించిన తేనెటీగల పత్రిక మరో విషయంలోనూ చరిత్రకెక్కింది: రైట్ సోదరుల విమానం ఎగరడాన్ని కళ్లారా చూసి ఆయన రాసిన కథనం 1905 జనవరిలో అందులోనే అచ్చయింది.

సంచార పెంపకం

పూతలు వెతుక్కుంటూ పెట్టెలను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడాన్ని సంచార పెంపకం అంటారు. అమెరికాలో దీనికి ఆద్యుడిగా యూటా రాష్ట్రపు నెఫై మిల్లర్‌ను చెప్పుకుంటారు. మంచు కురిసే యూటాలో చలికాలమంతా ఈగలు పట్టులో ముడుచుకుని నిల్వ తేనెను ఖర్చు చేస్తూ కూర్చుంటాయి. అదే సమయంలో కాలిఫోర్నియా నునువెచ్చగా ఉంటుంది. 1907–08 చలికాలంలో ఆయన తన పెట్టెలను రైలు మీద కాలిఫోర్నియాకు పంపి, వసంతానికి అవి బలిసి, ఎక్కువ కుటుంబాలుగా విడదీయడానికి అనువుగా తయారవుతున్నాయని గ్రహించాడు. తరువాతి దశాబ్దాల్లో జాతీయ రహదారులు, భారీ లారీలు, నాలుగు పెట్టెలను ఒకే చెక్క వేదికపై బిగించి ఎత్తే ఫోర్క్‌లిఫ్టులు రావడంతో సంచారం కొందరి తెలివైన ఉపాయం స్థాయిని దాటి పరిశ్రమకు వెన్నెముకగా మారింది.

తేనె నుంచి అద్దెకు

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికా ప్రభుత్వం తేనెకు మద్దతు ధర ప్రకటించడానికి చూపిన కారణాల్లో పరాగ సంపర్కానికి తగినన్ని కుటుంబాలను నిలబెట్టుకోవడమూ ఒకటి. అయినా తేనె ధర పెంపకందారుని చేతిలో లేకుండాపోయింది. చౌకగా దిగుమతయ్యే తేనెతో పోటీ పడలేక స్థానిక పెంపకందారులు ఫిర్యాదు చేయగా, 2001లో చైనా, అర్జెంటీనా తేనెపై డంపింగ్ వ్యతిరేక సుంకాలు విధించవలసి వచ్చింది. సరిగ్గా ఈ కాలంలోనే కాలిఫోర్నియాలో బాదం సాగు ఊహించని వేగంతో విస్తరించడంతో పెంపకందారుల చూపు తేనె గది మీది నుంచి తోట అద్దె మీదికి మళ్లింది.

బాదం తోటలు

ప్రపంచ బాదం ఉత్పత్తిలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియా మధ్యలోయ నుంచి వస్తుంది. 1990ల మధ్యలో నాలుగు లక్షల ఎకరాలకు కాస్త ఎక్కువగా ఉన్న కాపు తోటలు 2020 తరువాత 13 లక్షల ఎకరాలు దాటాయి. ఎకరానికి రెండు పెట్టెలు పెట్టడం సాధారణ ప్రమాణం. అందువల్ల దేశంలోని కుటుంబాల్లో అత్యధిక భాగం, అంటే 20 లక్షలకు పైగా పెట్టెలు, ఏటా ఫిబ్రవరిలో ఈ ఒక్క లోయకు చేరుకోవలసి వస్తుంది. పరాగ సంపర్కం కోసం ఏటా జరిగే తరలింపుల్లో ఇంత పెద్దది ప్రపంచంలో మరొకటి లేదు.

బాదం మొక్క స్వభావమే ఈ అవసరాన్ని కల్పించింది. ప్రధాన రకమైన నాన్‌పరేల్ తన పుప్పొడితో తాను కాయదు. అందుకని దానికి పక్క వరుసల్లో బ్యూట్, పాద్రే, మాంటెరే, ఫ్రిట్జ్ వంటి, దాదాపు అదే సమయానికి పూసే రకాలను నాటుతారు. పుప్పొడి బరువుగా, జిగటగా ఉండటం వల్ల గాలి దాన్ని మోయలేదు. పూత ఫిబ్రవరి మధ్యలో మొదలై మార్చి మధ్యలోపు ముగుస్తుంది. ఒక్కో పువ్వు కొద్ది రోజులే పుప్పొడిని స్వీకరించగలదు. ఆ కాలంలో అడవి కీటకాలు ఇంకా నిద్ర లేచి ఉండవు, ఉన్నా అన్ని లక్షల ఎకరాలకు చాలవు. పైగా తేనెటీగలు సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దాటితే తప్ప సరిగా బయటికి రావు. వాన పడితే అసలే రావు. ఎండ కాసిన కొన్ని గంటల్లోనే పని పూర్తి కావాలి కనుక రైతు ఈగల సంఖ్య విషయంలో రాజీపడడు.

ఒక ఈగ తిరుగుతున్నది ఒకే రకం చెట్ల వరుసలో అయినప్పుడు పరపరాగ సంపర్కం ఎలా జరుగుతుందన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. కొన్ని ఈగలు వరుసలు దాటుతాయి. అదిగాక పెట్టెలోపల ఇరుకుదారుల్లో ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ తిరిగేటప్పుడు ఒక ఈగ ఒంటిమీది పుప్పొడి మరో ఈగకు అంటుకుంటుందని, ఆ విధంగా తాను ఎన్నడూ వాలని రకపు పుప్పొడిని కూడా అది మరుసటి ప్రయాణంలో మోసుకుపోతుందని పరిశోధకులు గుర్తించారు.

బాదం పూత ఈగలకు కూడా మేలే చేస్తుంది. చలికాలం చివర సమృద్ధిగా దొరికే తొలి పుప్పొడి అదే కావడం వల్ల రాణి గుడ్లు పెట్టడం పెరిగి కుటుంబం బలపడుతుంది. బాదం తేనె మాత్రం చేదుగా ఉంటుంది. బల్లమీద వాడుకునే తేనెగా దాన్ని అమ్మరు, పెట్టెలోనే ఈగలకు వదిలేస్తారు.

ఒప్పందాలు, ఫ్రేముల లెక్క

2000 తరువాతి తొలి సంవత్సరాల్లో బాదం తోటలో పెట్టె అద్దె 50 డాలర్ల చుట్టూ ఉండేది. 2005 ప్రాంతంలో కుటుంబాలు పెద్ద సంఖ్యలో చనిపోయి కొరత ఏర్పడినప్పుడు అది ఒక్కసారిగా రెండు మూడు రెట్లు పెరిగింది. 2020 తరువాత 200 డాలర్ల చుట్టూ నిలిచింది. ఆ కొరత ఎంత తీవ్రమంటే, 1922 నాటి తేనెటీగల చట్టం ద్వారా దశాబ్దాలుగా అడ్డుకున్న దిగుమతులను సడలించి, 2005లో ఆస్ట్రేలియా నుంచి విమానాల్లో ఈగలను రప్పించారు. కొత్త తెగుళ్లు వస్తాయన్న భయంతో 2010 చివరలో ఆ దారిని మూసివేశారు.

అద్దె పెట్టెకు లెక్క కట్టినా, నిజానికి రైతు కొనేది పెట్టెలోని ఈగల బలం. ఆ బలాన్ని ఫ్రేములలో, అంటే ఈగలు కప్పిన చట్రాల లెక్కన కొలుస్తారు. ఒప్పందంలో సగటున ఎనిమిది ఫ్రేములు అని రాసుకోవడం పరిపాటి. అంతకన్నా బలమైన పెట్టెలకు అదనపు సొమ్ము, బలహీనమైన వాటికి కోత ఉంటాయి. ఇరుపక్షాలకూ చెందని తనిఖీదారుడు ఈగలు ఇంకా బయటికి పోని చల్లటి ఉదయపు వేళ వచ్చి, తోటలో అక్కడక్కడా ఎంచుకున్న పెట్టెల మూతలు తీసి, పొగ పట్టి, చట్రాలను ఒక్కొక్కటిగా పైకెత్తి, రెండు ముఖాలనూ ఈగలు ఎంత మేర కప్పి ఉన్నాయో చూసి లెక్క రాస్తాడు. ఒక నిండు ఫ్రేము మీద రెండు వేలకు పైగా ఈగలు ఉంటాయి కనుక ఎనిమిది ఫ్రేముల పెట్టె అంటే సుమారు 16 నుంచి 20 వేల ఈగల పటాలం. బలమైన ఒక పెట్టె బలహీనమైన రెండు పెట్టెల కన్నా ఎక్కువ పని చేస్తుంది. బలహీనమైన కుటుంబంలోని ఈగల్లో ఎక్కువ భాగం పిల్లలను వెచ్చగా ఉంచడానికే సరిపోతాయి.

పెంపకందారులకూ రైతులకూ మధ్య దళారులు ఉంటారు. వందలాది మైళ్ల అవతల ఉన్న పెంపకందారు నుంచి పెట్టెలు కుదుర్చుకుని, తోటలో దించి, తనిఖీ చేయించి, డబ్బు ఇప్పించడం వారి పని. పెట్టెల విలువ పెరగడంతో దొంగతనాలు కూడా పెరిగాయి. రాత్రివేళ కాపలా లేని తోటల్లోంచి ఫోర్క్‌లిఫ్టుతో పెట్టెలెత్తుకుపోవడం ఈ వృత్తి తెలిసినవాడికే సాధ్యం. పోలీసులు అనేక మంది పెంపకందారుల పెట్టెలను ఒకేచోట పట్టుకున్న సందర్భాలున్నాయి.

సంవత్సర చక్రం

వాణిజ్య పెంపకందారుని సంవత్సరం వేసవి చివర మొదలవుతుందని చెప్పవచ్చు. తేనె తీసిన తరువాత ఈగలను పీడించే వరోవా నల్లికి మందు వేసి, చక్కెర పాకం, పుప్పొడికి బదులుగా పనికొచ్చే మేత ముద్దలు పెట్టి, ఫిబ్రవరిలో అడిగిన ఫ్రేములు ఉండేలా కుటుంబాలను సిద్ధం చేయడం అప్పటి నుంచే ప్రారంభం కావాలి. డిసెంబరు, జనవరిల్లో కొందరు పెట్టెలను నేరుగా కాలిఫోర్నియాకు చేర్చి ఉంచితే, మరికొందరు ఐడహో వంటి చోట్ల చీకటిగా, నాలుగైదు డిగ్రీల చల్లదనంలో ఉండే గోదాముల్లో నిల్వ చేస్తారు. ఒకప్పుడు బంగాళాదుంపలు దాచిన గోదాములు కొన్ని ఇప్పుడు ఈగల శీతాకాలపు ఇళ్లయ్యాయి.

తరలింపు రాత్రివేళ జరుగుతుంది. పొద్దుగూకి ఈగలన్నీ పెట్టె చేరిన తరువాత ఎక్కిస్తారు. ఒక్కో లారీకి 400కు పైగా పెట్టెలు పడతాయి. పైనుంచి వల కప్పి కడతారు. పగటి ఎండలో లారీ ఎక్కువ సేపు నిలబడిపోతే లోపల వేడి పెరిగి పట్టు కరిగి కుటుంబాలే నశిస్తాయి. అందుచేత గమ్యం చేరేవరకు డ్రైవరు సాధ్యమైనంత వరకు ఆగకుండా నడుపుతాడు. కాలిఫోర్నియా సరిహద్దులో నిప్పు చీమలు, కలుపు విత్తనాలు వంటివి లేవని తనిఖీ చేస్తారు. ఒక్క చీమ కనబడినా లారీ వెనక్కి తిరగవలసి రావచ్చు.

బాదం పూత రాలాక దారులు చీలుతాయి. కొన్ని పెట్టెలు వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆపిల్, చెర్రీ తోటలకు పోతే, కొన్ని ఉత్తర కాలిఫోర్నియాలోనే విడదీతకు నిలుస్తాయి. అంటే ఒక బలమైన కుటుంబాన్ని రెండు మూడుగా చేసి కొత్త రాణులను ఇస్తారు. మరికొన్ని దేశం ఆ చివర ఉన్న మెయిన్ రాష్ట్రపు బ్లూబెర్రీ పొలాలకు చేరుతాయి. వేసవికి అత్యధిక భాగం ఉత్తర, దక్షిణ డకోటాల్లో, మాంటానాలో గడ్డి మైదానాలకు చేరుతుంది. అక్కడి క్లోవర్, ఆల్ఫాల్ఫా పూలలోనే కుటుంబం విశ్రాంతిగా మేసి, తేనె కూర్చి, తరువాతి చలికి కావలసిన కొవ్వు పట్టించుకుంటుంది. తేనె ఉత్పత్తిలో ఉత్తర డకోటా ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉండటానికి కారణం ఇదే. ఆ మైదానాలను దున్ని మొక్కజొన్న, సోయా వేయడం పెరుగుతున్న కొద్దీ ఈగలకు వేసవి మేత తగ్గుతోంది. పురుగుమందుల వివాదానికి దక్కినంత శ్రద్ధ ఈ విషయానికి దక్కకపోవడం విచారకరం.

ప్రముఖులు, సంస్థలు

దక్షిణ డకోటాలోని బ్రూస్ అనే చిన్న ఊరు కేంద్రంగా పనిచేసే ఏడీ హనీ ఫార్మ్స్ అమెరికాలో అతిపెద్ద పెంపక సంస్థగా పేరుపొందింది; దాదాపు 80 వేల పెట్టెలు దాని ఆధీనంలో ఉంటాయని చెబుతారు. దాన్ని విస్తరించిన రిచర్డ్ ఏడీ, తేనె ఉత్పత్తిదారుల సంఘం తరఫున వాషింగ్టన్‌లో తన వృత్తివారి వాదన వినిపించిన నాయకుడు. నెఫై మిల్లర్ మునిమనవడు జాన్ మిల్లర్ ఉత్తర డకోటాకూ కాలిఫోర్నియాకూ మధ్య పెట్టెలు తిప్పే పెంపకందారు. హాన్నా నార్డ్‌హాస్ 2011లో ఆయన జీవితం ఆధారంగా రాసిన పుస్తకంతో సంచార పెంపకం సామాన్య పాఠకులకు పరిచయమైంది.

శాస్త్రరంగంలో, రాణి ఈగకు కృత్రిమ గర్భధారణ చేసే పద్ధతిని నమ్మకంగా పనిచేసే స్థితికి తెచ్చిన హ్యారీ లేడ్‌లా పేరు మీద డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం నడుస్తోంది. పరాగ సంపర్కంపై అమెరికా వ్యవసాయ శాఖ 1976లో ప్రచురించిన ఎస్. ఇ. మెక్‌గ్రెగర్ గ్రంథం, ఏ పంటకు ఏ కీటకం ఎంత అవసరమో పంటల వారీగా వివరించి, ఆ రంగంలో ప్రామాణికమైంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మార్లా స్పివాక్, జబ్బు పడిన పిల్లలను గుర్తించి బయట పారేసే గుణమున్న ఈగల వంశాన్ని ఎంపిక ద్వారా పెంపొందించి, 2010లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు. ఆ గుణం వారసత్వంగా వస్తుందని 1964లో వాల్టర్ రాథెన్‌బ్యూలర్ చూపించగా, స్పివాక్ దాన్ని పెంపకందారుల పెట్టెల్లోకి తెచ్చారు.

సమస్యలు

వరోవా నల్లి

వాణిజ్య పెంపకానికి ఉన్న శత్రువులన్నిటిలోకి పెద్దది వరోవా అనే ఎర్రటి నల్లి. ఆసియాకు చెందిన ఏపిస్ సెరానా ఈగతో కలిసి పరిణామం చెందిన ఈ పరాన్నజీవి, మనుషులు ఐరోపా ఈగలను ఆసియాకు తీసుకుపోయినప్పుడు వాటికి అంటుకుంది. అమెరికాలో దీన్ని 1987లో గుర్తించారు. చాలాకాలం దీన్ని మరో జాతిగా పొరబడగా, 2000లో అండర్సన్, ట్రూమన్ అనే శాస్త్రవేత్తలు వేరు జాతిగా నిర్ధారించి, నాశనకారి అనే అర్థమిచ్చే శాస్త్రీయ నామం పెట్టారు. ఆడ నల్లి, మైనపు గదికి మూత పడబోయే ముందు లోపలికి దూరి, పెరుగుతున్న పిల్ల మీద గుడ్లు పెడుతుంది. ఈగ బయటికి వచ్చేసరికి నల్లి పిల్లలు కూడా తయారై వెంట వస్తాయి. అది ఈగ రక్తం పీలుస్తుందని అనేక దశాబ్దాలు నమ్మారు. ప్రధానంగా తినేది కొవ్వు కణజాలాన్నని 2019లో శామ్యూల్ రామ్సే బృందం చూపింది. నల్లి కాటుకన్నా అది మోసుకొచ్చే వైరస్‌లు, ముఖ్యంగా రెక్కలు ముడుచుకుపోయేలా చేసే వైరస్, కుటుంబాన్ని కూలుస్తాయి.

మందులకు నల్లి అలవాటు పడటమే అసలు చిక్కు. ఫ్లూవాలినేట్, కౌమఫాస్ ఒకదాని తరువాత ఒకటి విఫలమయ్యాయి. తరువాత అందరూ ఆధారపడిన అమిట్రాజ్‌కు కూడా నిరోధకత వచ్చింది. 2024–25 చలికాలంలో వాణిజ్య పెంపకందారులు సగానికి మించి కుటుంబాలను పోగొట్టుకున్నారు. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పరీక్షించిన నమూనాల్లో వైరస్‌లు, అమిట్రాజ్‌ను తట్టుకునే నల్లులు కనబడ్డాయి. ఫార్మిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు, థైమాల్ వంటివి మార్చి మార్చి వాడటం, నల్లిని ఎదుర్కొనే వంశాలను పెంచడం తప్ప శాశ్వత పరిష్కారం లేదని నిపుణులు చెబుతున్నారు. 1997లో రష్యా తూర్పు కొసనున్న ప్రిమోర్‌స్కీ ప్రాంతం నుంచి తెచ్చిన ఈగలు అలాంటి ప్రయత్నంలో భాగమే.

కుటుంబాల పతనం, పురుగుమందులు

2006 చివరలో పెన్సిల్వేనియా పెంపకందారు డేవిడ్ హాకెన్‌బర్గ్, చలికాలానికి ఫ్లోరిడాకు తరలించిన తన పెట్టెల్లో వందలాది ఖాళీ అయిపోయాయని శాస్త్రవేత్తలకు తెలియజేశాడు. రాణి, పిల్లలు, తేనె ఉన్నాయి. పెద్ద ఈగలు లేవు, చచ్చిపడి కూడా లేవు. కాలనీ పతన రుగ్మతగా పేరుపడిన ఈ వింత, పత్రికల్లో మారుమోగి, తేనెటీగల సమస్యను ప్రపంచ ప్రజల దృష్టికి తెచ్చింది. ఒకే కారణం దొరకలేదు. నల్లి, వైరస్‌లు, మేత కొరత, పురుగుమందులు కలిసి చేసిన పనిగా శాస్త్రవేత్తలు దాన్ని అర్థం చేసుకున్నారు. నియోనికోటినాయిడ్ వర్గానికి చెందిన మూడు మందులను ఆరుబయట వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. అమెరికాలో అలాంటి దేశవ్యాప్త నిషేధం లేదు. 2014 బాదం పూతలో, శిలీంధ్రనాశినులతో పాటు కీటకాల ఎదుగుదలను ఆపే మందులు కలిపి కొట్టడం వల్ల పెద్ద సంఖ్యలో కుటుంబాలు దెబ్బతిన్నాయని పెంపకందారులు ఆరోపించారు. అదే ఏడాది బాదం బోర్డు తోటల్లో పాటించవలసిన జాగ్రత్తలను ప్రచురించింది.

ఒకే పంటపై ఆధారం

పెంపకందారుల పరాగ సంపర్క ఆదాయంలో అత్యధిక భాగం బాదం నుంచే వస్తుంది. బాదం ధర పడిపోయినా, నీటి కొరతతో తోటలు పీకేసినా, ఆ దెబ్బ నేరుగా ఈగల మీద పడుతుంది. ఇప్పటికే తన పుప్పొడితో తాను కాయగల ఇండిపెండెన్స్ అనే రకం విస్తరించింది. దానికి ఎకరానికి తక్కువ పెట్టెలు చాలు. ఇరవై లక్షల కుటుంబాలను ఒకే లోయలో పక్కపక్కన పెట్టడం తెగుళ్లు పంచుకోవడానికి అవకాశమివ్వడమే. ఇంత పెద్ద వృత్తి ఒక పంటను, అదీ నాలుగు వారాల పూతను, నమ్ముకుని ఉండటం ప్రమాదకరమైన స్థితి అన్నది కాదనలేని మాట.

ఇతర పరాగ సంపర్క కీటకాలు

ప్రతి పంటకూ తేనెటీగే ఉత్తమం కాదు. టమాటా పువ్వు పుప్పొడి రాలాలంటే పువ్వును పట్టుకుని ఒళ్లు అదరగొట్టే గుణం కావాలి. తేనెటీగకు అది లేదు, బంబుల్ తుమ్మెదలకు ఉంది. 1987లో బెల్జియంలో మొదలైన బంబుల్ తుమ్మెదల వాణిజ్య పెంపకం, గాజుగృహాల టమాటా సాగులో మనుషులు కంపన పరికరాలతో చేసే పనిని తొలగించింది. బయోబెస్ట్, కొప్పెర్ట్ అనే సంస్థలు ఈ రంగంలో ముందున్నాయి. ఆల్ఫాల్ఫా విత్తన ఉత్పత్తికి ఆకులు కత్తిరించి గూడు కట్టే ఒంటరి ఈగలను పశ్చిమ కెనడా, అమెరికా రైతులు పెంచుతారు. తేనెటీగలు ఉన్నచోట కూడా అడవి కీటకాలు అదనంగా కాత పెంచుతాయని, వాటికి తేనెటీగలు ప్రత్యామ్నాయం కావని 2013లో అనేక దేశాల పొలాల సమాచారంతో చేసిన అధ్యయనం తేల్చింది.

ఇతర దేశాలు

ఆస్ట్రేలియాలో ఆగస్టులో పూసే విక్టోరియా బాదం తోటలకు ఇలాంటి తరలింపే జరుగుతుంది. వరోవా లేని ఖండంగా చాలాకాలం ఉన్న ఆ దేశంలో 2022 జూన్‌లో న్యూకాసిల్ రేవు దగ్గర నల్లి బయటపడింది. నిర్మూలన ప్రయత్నాన్ని 2023లో విరమించుకున్నారు. న్యూజీలాండ్ కివీ పూలలో మకరందం ఉండదు కనుక పుప్పొడి కోసమే వచ్చే ఈగలను హెక్టారుకు ఎనిమిది పెట్టెల చొప్పున పెడతారు. చైనాలోని సిచువాన్ రాష్ట్రపు హాన్‌యువాన్‌లో పియర్ రైతులు ఈకల కుంచెలతో చేతిపరాగ సంపర్కం చేస్తున్న సంగతి ప్రసిద్ధం.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారతదేశంలో కొండ తేనెటీగ, పుట్ట తేనెటీగ, చిన్న తేనెటీగ స్థానికమైనవి. వీటిలో పుట్ట తేనెటీగ, అంటే ఏపిస్ సెరానా, ఒక్కటే పెట్టెలో ఇముడుతుంది. ఐరోపా ఈగను 1962లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో ఎ. ఎస్. అత్వాల్ బృందం విజయవంతంగా స్థిరపరచింది. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలోని పుట్ట తేనెటీగల కుటుంబాలను దాదాపు తుడిచిపెట్టింది. ఆ తరువాత ఐరోపా ఈగ దక్షిణాదిలోనూ వ్యాపించింది. ఉత్తరాదిలో ఆవ, లిచీ పూతల వెంట పెట్టెలు తిప్పే పద్ధతి ఉంది. హిమాచల్‌లో ఆపిల్ రైతులకు ప్రభుత్వ ఉద్యానశాఖ పెట్టెలను అద్దెకిస్తుంది. 2020లో కేంద్రం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ ప్రకటించింది.

తెలుగు ప్రాంతాల్లో పరాగ సంపర్కం విత్తన రంగంలో మరీ స్పష్టంగా కనబడుతుంది. జోగులాంబ గద్వాల జిల్లాలో, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం కూలీలు సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లోని కేసరాలను చేత్తో తీసివేసి, మర్నాడు ఉదయం మగ మొక్కల పువ్వును వాటికి రాస్తారు. ఆ శ్రమకయ్యే కూలి విత్తనం ఖర్చులో పెద్ద భాగం. పొద్దుతిరుగుడు హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో ఆ పని మనుషులతో సాగడం కష్టం. ఆడ వరుసల్లోని మొక్కలకు పుప్పొడే ఉండదు, మగ వరుసల పుప్పొడి గాలికి సరిగా ఎగరదు. అందుకే పూత దశలో ఎకరానికి కొన్ని పెట్టెల చొప్పున పొలంలో పెట్టమని, ఉదయపు వేళల్లో పురుగుమందు కొట్టవద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. ఈగలు రాని పొలంలో ఆడ వరుసల పువ్వులు చూపుకు నిండుగానే కనబడినా, కోసి విదిల్చితే వాటిలో ఎక్కువ భాగం తాలుగానే రాలుతాయి.